లంకెబిందెలు కాదు... పెంకులు వెతకండి!

ఊరి చివర పాత దిబ్బ ఉంటే దాని దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. మొదటివాడు అమావాస్య రాత్రి వస్తాడు. చేతిలో గునపం, సంచిలో నిమ్మకాయలు, పసుపు కుంకుమ, పక్కన అంజనం వేసే స్వామి. తెల్లారేసరికి అక్కడ మనిషి లోతు గొయ్యి మిగులుతుంది. లంకెబిందెలు దొరకవు గానీ పోలీసు కేసు దొరుకుతుంది. రెండోవాడు పట్టపగలు వస్తాడు. నెత్తిన టోపీ, చేతిలో తాపీ, కుంచె, జేబులో పెన్సిలు. వారం తిరిగినా మోకాలి లోతు దాటడు. అతనికి దొరికేది పగిలిన కుండపెంకు. ఆ పెంకు పట్టుకుని అతను ఒక రేవుపట్నం ఎన్ని శతాబ్దాల కిందటిదో చెబుతాడు.

ఇద్దరూ తవ్వింది ఒకే మట్టి. మొదటివాడు తవ్విన చోట ఇక ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. రెండోవాడు తవ్విన చోట యాభై ఏళ్ల తర్వాత వచ్చిన మనిషి కూడా అతని నోటుపుస్తకం తెరిచి, అతను చెప్పింది తప్పో ఒప్పో తేల్చగలడు.

ఎవరూ చూడని చిన్న పనిని కూడా రేపు ఇంకొకరు సరిచూసుకునేంత శుభ్రంగా చేయడం. వ్యక్తిత్వ వికాసం పేరుతో చెప్పే సవాలక్ష సూత్రాల్లో నేను మొదటి పీట వేసేది దీనికే. దీన్ని నేర్పే మంచి బడుల్లో పురావస్తు తవ్వకం ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల యువతకి ఆ బడి ఎంతో దూరంలో లేదు.

మన గుమ్మం ముందే రేవుపట్నం

వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. ఇప్పుడు మనం లైట్‌హౌసు చూడ్డానికి, ఆదివారం సాయంత్రం ఇసుకలో కూర్చోడానికి వెళ్తాం. ఒకప్పుడు అది ఓడలు ఆగిన రేవు. అక్కడి నుంచి కొన్ని కిలోమీటర్లు ఏటి వెంట పైకి వస్తే దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ. దాని మీద ఇటుకల స్తూపాలు, చైత్యాలు, విహారాల పునాదులు. సుమారు క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా అక్కడ బౌద్ధం బతికింది. బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండపెంకులు దొరికాయి. తార, మారీచి వంటి బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి.

ఇంకా ఎగువకి వెళ్తే ముఖలింగం, తూర్పు గాంగుల నాటి కళింగనగరం. సరుబుజ్జిలి మండలంలో మట్టికోట గోడలతో దంతపురం. విజయనగరం వైపు రామతీర్థం దగ్గర గురుభక్తుల కొండ. దాన్ని 20వ శతాబ్దం తొలినాళ్లలోనే అలెగ్జాండర్ రే తవ్వించారు. చంపావతి సముద్రంలో కలిసే దగ్గర కోనాడ. ఇంకాస్త దక్షిణానికి వెళ్తే విశాఖ పక్కన తొట్లకొండ. అక్కడ 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు అయిదు బయటపడ్డాయి.

ఏటి ముఖద్వారంలో రేవు, రేవుకి దగ్గర్లో కొండ, కొండ మీద విహారం. ఈ తీరమంతా ఈ అమరిక మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వర్తకులు దానాలిచ్చారు, భిక్షువులు ఆశ్రయమిచ్చారు, ఏరు సరుకు మోసింది. ఇది పాఠ్యపుస్తకంలో రెండు లైన్లు. మట్టిలో మాత్రం చాలా పొరలు.

ఏభై ఆరేళ్ల మాస్టారు

శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది ఎవరో తెలుసా? గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ పితామహుడిగా మనకి తెలిసిన గిడుగే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, పూలదండ వేస్తాం, ఫొటో తీసుకుంటాం. ఈ రెండో ముఖాన్ని మాత్రం మరిచిపోతాం.

ఆయన 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయనకి సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. ఏ పురావస్తు శాఖా ఆయనకి జీతమివ్వలేదు. ముఖలింగం గుళ్లలో రాళ్ల మీద ఉన్న పాత అక్షరాలు ఏం చెబుతున్నాయో తెలియాలి, అంతే. పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. శాసనాలు చదివారు. చదివినదాన్ని పండితులు సరిచూసుకునేలా పత్రికల్లో అచ్చువేయించారు. సవరల భాష నేర్చుకోవాలనుకుంటే ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. 1911లో ఉద్యోగం నుంచి విరమించాక కూడా ఆగలేదు. శాలిహుండం ఆయన కంటపడేనాటికి దాదాపు ఏభై ఆరేళ్లు. ‘తెలుగు’ పత్రిక నడిపిందీ ఆ సంవత్సరమే.

శాలిహుండంలో కేంద్ర పురావస్తు శాఖ తరఫున టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపింది 1943లో. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విస్తృతంగా తవ్వింది 1950ల్లో. గిడుగు 1940లోనే కన్నుమూశారు. తాను గుర్తించిన చోట ఆ తవ్వకాల్లో ఏమేం బయటపడ్డాయో ఆయన చూడనే లేదు. అయినా ఆ పని ఆగలేదు. తర్వాతివాళ్లు అందుకోగలిగేలా ఆయన దాన్ని లోకానికి చెప్పి వెళ్లారు.

“నాకు నేర్పేవాళ్లు లేరు”, “వయసైపోయింది”, “మా ఊళ్లో ఏముంది”... ఈ మూడింట్లో ఏ సాకు నోట్లోకి వచ్చినా ఈ మాస్టారిని ఒక్కసారి తలుచుకోండి.

తవ్వకం గొయ్యి నేర్పే ఆరు పాఠాలు

1. దొరికిందేమిటో సరే, ఎక్కడ దొరికింది?

కొత్తగా వచ్చిన కుర్రాడు పూస కనబడగానే చటుక్కున తీసి “సార్, దొరికింది!” అని అరుస్తాడు. మొదటి చీవాటు అక్కడే పడుతుంది. పంచనామా రాయకముందే శవాన్ని కదిపితే కేసు ఎలా చెడుతుందో, కొలత తీయకముందే పూసని కదిపితే సాక్ష్యం అలాగే చెడుతుంది. ఏ గొయ్యి, ఏ పొర, ఎంత లోతు, పక్కన ఏమున్నాయి? ఇవి తెలియని పూస సంతలో కొన్న పూసతో సమానం.

పుదుచ్చేరి దగ్గరి అరికమేడు ప్రాచీన రేవుపట్నం. 1945లో ప్రసిద్ధ పురావస్తు పండితుడు మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వినప్పుడు ఇటలీలో తయారైన ఎర్రటి అర్రెటైన్ పళ్లాల ముక్కలు దొరికాయి. వాటి కాలం ఐరోపా పండితులకి అప్పటికే తెలుసు. వాటితో కలిసి దొరికిన మన దేశపు పాత్రలకి కూడా దాంతో కాలం కట్టగలిగారు. దక్షిణాది చరిత్రలో తేదీ తెలియని ఎన్నో స్థలాలకి అలా ఒక ఆధారం దొరికింది. ఆ ముక్కని ఎవరో చటుక్కున పీకి జేబులో వేసుకుని ఉంటే అది ఒట్టి ఎర్ర పెంకు.

ఆఫీసులో వినే మాటకీ ఇదే వర్తిస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నారో తెలుసుకోకుండా ఒక్క మాటను పట్టుకుని మనిషి మీద తీర్పు చెప్పకండి.

2. ఒక పొర పూర్తయ్యాకే ఇంకో పొర

తవ్వకంలో మట్టిని రంగుని బట్టి, గట్టిదనాన్ని బట్టి పొరలు పొరలుగా తీస్తారు. పై పొర కొత్తది, కింది పొర పాతది. మధ్యలో ఎవరో చెత్తగుంట తవ్వి ఉంటే ఆ గుంటలోది వేరు, చుట్టుపక్కలది వేరు. రెండూ కలిస్తే కాలాలు కలిసిపోతాయి.

మన ఇళ్లల్లో గొడవలు ముదిరేది పొరలు కలిపేయడం వల్లే. ఇవాళ్టి కూరలో ఉప్పు దగ్గర మొదలైన మాట పెళ్లినాటి ఆడపడుచు లాంఛనాల దాకా పోతుంది. ఇవాళ్టి సమస్యని ఇవాళ్టి పొరలోనే తేల్చండి. పాతదాన్ని తీయక తప్పకపోతే దానికి వేరే రోజు పెట్టుకోండి.

3. రాయనిది దొరకనట్టే

సాయంత్రం నాలుగు దాటాక ఒళ్లంతా మట్టి, నెత్తిన ఎండ వేడి. “రేపు రాద్దాంలే” అనిపిస్తుంది. తెల్లారేసరికి ఏ పెంకు ఏ మూలదో గుర్తుండదు. అందుకే ఏ రోజు పని ఆ రోజే పుస్తకంలోకి ఎక్కాలి. కొలత వేరుగా, ఊహ వేరుగా రాయాలి. “ఇటుకల వరస, మీటరున్నర పొడవు” అన్నది కొలత. “ఇది గోదాము గోడ కావచ్చు” అన్నది ఊహ. ఊహ మారవచ్చు, కొలత మారకూడదు.

వీలర్ కథ ఇక్కడ ఇంకో మలుపు తిరిగింది. అరికమేడులో లోపలి అడుగున చుక్కల వలయాలున్న నున్నటి పళ్లేలు దొరికాయి. రౌలెటెడ్ వేర్ అంటారు. అవి రోమన్ ప్రపంచం నుంచి దిగుమతి అయినవని వీలర్ అనుకున్నారు. తర్వాతి పరిశోధకులు, ముఖ్యంగా 1989–92లో అక్కడే మళ్లీ తవ్విన విమలా బెగ్లీ వంటివారు, అవి మన దేశంలో తయారైనవేనని, ఆ పట్నం వయసు కూడా వీలర్ అనుకున్నదానికన్నా ఎక్కువని చూపించారు. అలాంటి పళ్లేల ముక్కలు మన శాలిహుండంలోనూ ఉన్నాయి. అంతటి వీలర్ పొరబడ్డారని తేల్చగలిగారంటే ఆయన పొరల లెక్క రాసిపెట్టారు కాబట్టే. రాసిపెట్టినవాడి తప్పు కూడా లోకానికి పనికొస్తుంది.

మీరు తీసుకునే పెద్ద నిర్ణయాలకీ ఒక పుస్తకం పెట్టండి. ఆ రోజు తెలిసినదేమిటి, అనుకున్నదేమిటి, రెండూ విడివిడిగా రాయండి. ఏడాది తర్వాత చదివితే మీ తీర్పు ఎక్కడ తడబడుతుందో మీకే తెలుస్తుంది.

4. విసుగుతో స్నేహం

సినిమాలో తవ్వకమంటే బంగారు విగ్రహం. అసలు తవ్వకమంటే తొట్టిలో నీళ్లు, పాత బ్రష్షు, బుట్టలకొద్దీ పెంకులు. కడగాలి, నీడన ఆరబెట్టాలి. ఒక్కోదాని మీద సన్నటి అక్షరాలతో స్థలం, ఏడాది, గొయ్యి, పొర రాయాలి. అంచు ముక్కలు ఒక కుప్ప, అడుగు ముక్కలు ఒక కుప్ప. తీసిన మట్టిని జల్లెడ పట్టాలి. పూసలు దొరికేది అక్కడే. వాలంటీరుకి మొదట అప్పగించేది సాధారణంగా ఈ పనే.

రెండు నిమిషాల వీడియో కూడా చివరిదాకా చూడలేకపోతున్న మనకి ఇది గట్టి పరీక్ష. డీఎస్సీకో గ్రూప్స్‌కో చదివే పిల్లలకి చెబుతున్నాను, పెంకులు కడిగే ఓపిక వచ్చినవాడికి సిలబస్ బరువనిపించదు. విసుగు పుట్టినప్పుడు పని మార్చడం అందరూ చేసేదే. విసుగు పుట్టాక కూడా ఇంకో అరగంట అదే నాణ్యతతో చేయగలిగితే అక్కడి నుంచి నైపుణ్యం మొదలవుతుంది.

5. చేయి తిరిగినవాడే గురువు

తవ్వకంలో డైరెక్టరుంటారు, పీహెచ్‌డీలుంటారు. మట్టి రంగు మారిన సంగతి అందరికన్నా ముందు కనిపెట్టేది మాత్రం చాలాసార్లు పక్క ఊరి నుంచి కూలికొచ్చిన పెద్దాయనే. “నిదానంగా గీకు బాబూ, నేల రంగు మారిపోనాది” అంటాడు. నలభై ఏళ్లు పొలం దున్నిన చేతికి తడి మట్టికీ తొక్కిన మట్టికీ తేడా తెలుస్తుంది. ఆయన మాట విని తాపీ ఆపిన విద్యార్థికి అక్కడ ఇంటి నేల దొరుకుతుంది. వినని విద్యార్థి దాన్ని తవ్వి పారేస్తాడు.

మీ పనిచోట కూడా ఇలాంటి పెద్దమనుషులుంటారు. డ్రైవరు, అటెండరు, పాత గుమస్తా, రేవులో వల కుట్టే తాత. వారానికి ఒకరితోనైనా కూర్చుని, వాళ్ల పని గురించి అడగండి. సలహా ఇవ్వడానికి వెళ్లకండి, వినడానికి వెళ్లండి.

6. కొంత వదిలేయండి

చదరపు గోతుల మధ్య తవ్వకుండా మట్టిగట్లు వదులుతారు. పొరల వరస ఆ గట్ల పక్కగోడల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది. స్థలం మొత్తాన్ని కూడా ఒకేసారి తవ్వరు. రేపటివాళ్ల దగ్గర మనకన్నా మంచి పరికరాలుంటాయి, మనకి తోచని ప్రశ్నలుంటాయి. వాళ్ల వాటా వాళ్లకి ఉంచాలి.

సామర్థ్యం ఉన్న కుర్రాళ్లు సాధారణంగా దెబ్బతినేది ఇక్కడే. అన్నీ నేనే, ఇప్పుడే, మొత్తంగా అంటారు. పక్కవాడికి పని వదలడం చేతకానితనం కాదు, పని పెద్దదని తెలిసినవాడి తెలివి.

దారి ఎటు?

ముందు చట్టం. పార పట్టుకుని దిబ్బ దగ్గరికి వెళ్లి తవ్వితే మిమ్మల్ని వాలంటీరు అనరు, నిందితుడంటారు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత స్థలాల్లో తవ్వడానికి లైసెన్సు ఉండాలి. సాధారణంగా తవ్వకాలు జరిపేది కేంద్ర, రాష్ట్ర పురావస్తు శాఖలు, విశ్వవిద్యాలయాలు. పొలంలో దున్నుతుంటే విలువైన పాత వస్తువు బయటపడిందా? 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి.

తవ్వకాల్లో ఎక్కువగా చోటు దొరికేది చరిత్ర, పురావస్తు విద్యార్థులకి. ఆ వైపు వెళ్లాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. పీజీ అయ్యాక గ్రేటర్ నోయిడాలోని పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థలో రెండేళ్ల డిప్లొమా ఉంది. మిగతావాళ్లు పురావస్తు శాఖ కార్యాలయానికి మర్యాదగా ఉత్తరం రాయండి. “నాకు ఆసక్తి ఉంది” అని ఊరుకోకుండా ఏం చేయగలరో చెప్పండి. ఫొటోలు తీయగలను, బొమ్మలు గీయగలను, కంప్యూటర్లో పట్టికలు చేయగలను, సివిల్ చదివాను కాబట్టి సర్వే చేయగలను... ఇలా. జవాబు రాకపోతే మూడు నెలల తర్వాత మళ్లీ రాయండి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి దారి కొంచెం సులువు. ఇంగ్లండ్‌లో హేడ్రియన్ గోడ దగ్గరి విండోలాండా రోమన్ కోటలో ఏటా వాలంటీర్లు రుసుము కట్టి మరీ తవ్వడానికి వెళ్తారు. మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకడానికి ఎదురు డబ్బు కడతారన్నమాట!

గొయ్యి లేకపోయినా మొదలుపెట్టొచ్చు

తవ్వకం ఎప్పుడు జరుగుతుందో మన చేతుల్లో లేదు. ఈ నెలలోనే చేయగలిగినవి ఇవి:

• ఒక ఆదివారం శాలిహుండమో రామతీర్థమో వెళ్లండి. సెల్ఫీ ముందు కాదు, ఆఖర్న. ముందు గంటసేపు చూసి, కాగితం మీద పటం గీయండి. ఏటి వైపు ఏది, మెట్లు ఎటు, స్తూపం ఎటు? గీసేటప్పుడు కంటికి కొత్తవి కనిపిస్తాయి.

• శాలిహుండం మ్యూజియంలో ఒక్క వస్తువు ముందు పావుగంట నిలబడండి. కనిపించినవి పది వాక్యాలు రాయండి. “అద్భుతం”, “అందం” అనే మాటలు వాడకూడదు.

• మీ ఊళ్లో పాటిదిబ్బ ఉందా? ఆ మట్టి పొలానికి బలమని బళ్లకెత్తుతున్నారా? పెద్దవాళ్లని అడగండి. అక్కడ పెంకులు కనిపిస్తే కదపకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్ భద్రపరచి, పురావస్తు శాఖకి, తహశీల్దారుకి రాయండి.

• గుప్తనిధుల కోసం తవ్వుతున్నారని తెలిస్తే చూసీ చూడనట్టు పోకండి, పోలీసులకి చెప్పండి. మీ మిత్రులే ఆ స్వామి వెంట తిరుగుతుంటే కూర్చోబెట్టి చెప్పండి. ఒక్క రాత్రిలో జీవితం మారిపోతుందన్న ఆశే ఆ గునపానికి పదును. ఆన్‌లైన్ బెట్టింగుల్లో జీతం పోగొట్టుకునేవాడిని నడిపిస్తున్నదీ ఆ ఆశే.

• నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారం. మీ బడి, కాలేజీ, యువజన సంఘం తరఫున ఒక నడక పెట్టండి. పది మంది చాలు. నడిచినవాళ్లంతా ఒక్కో పేజీ రాయాలి.

వీటివల్ల ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. నేరుగా రాకపోవచ్చు. అయితే ఇంటర్వ్యూలో “మీ జిల్లా గురించి చెప్పండి” అన్నప్పుడు అందరూ గూగుల్లో చదివింది అప్పజెబుతారు, మీరు మీ కాళ్లతో కొలిచింది చెబుతారు. రేపు బ్యాంకులో లెక్క చూసినా, ఆసుపత్రిలో మందు రాసినా, బెంగళూరులో కోడ్ రాసినా మీ తర్వాత కూర్చునేవాడు మీ పని విప్పి చూసి ఎక్కడేముందో తెలుసుకోగలుగుతాడు. అలాంటి మనిషిని ఏ సంస్థా తేలిగ్గా వదులుకోదు.

కాబట్టి ఈ రాత్రికి ఒక్క పని చేయండి. నోటుపుస్తకం తీసుకుని ఇవాళ్టి తేదీ వేసి, మీరు చేసిన పనుల్లో ఒక్కదాన్ని ఇంకొకరు చదివి సరిచూసుకోగలిగేలా రాయండి. రాయలేకపోతే ఆ పనిని రేపు ఇంకాస్త శుభ్రంగా చేయాలన్నమాట.